అందరూ విన్న గుండె

ఆసుపత్రి కుట్టుగదిలో పనిచేసే ఆవిడకు అసలు పేరు ఒకటుండేది. హాజరు పిలిచే సిస్టర్ నోట తప్ప అది ఎక్కడా వినిపించేది కాదు. మిగతా లోకానికంతటికీ ఆవిడ మర్మరమ్మ. గుండె కొట్టుకునేటప్పుడు మామూలుగా వచ్చే రెండు చప్పుళ్ళ మధ్య, రాకూడని ఇంకో చప్పుడు వస్తే దాన్ని డాక్టర్లు మర్మర్ అంటారు. ఆ చప్పుడు మర్మరమ్మ గుండెలో ఉంది. ఉందంటే అలా ఇలా కాదు. గుండె ప్రొఫెసర్ గారు ఓ క్లాసులో కళ్ళు మూసుకుని విని, "దూరంగా కొండ వెనకాల ఉరుము దొర్లినట్టు లేదూ!" అన్నారు. ఆ మాట విన్న రోజు నుంచి మర్మరమ్మ నడక కాస్త మారింది.

కన్యాస్త్రీలైన ఈ సిస్టర్ల సంఘానికి చాలా ఊళ్ళలో ఆసుపత్రులున్నాయి. ఈ ఊళ్ళో ఉన్నదానికి మెడికల్ కాలేజీ కూడా కలిసి ఉంది. దూరంగా పెద్ద పట్నంలో అన్నిటికన్నా పెద్దది ఉంది, దాన్ని తల్లి ఆసుపత్రి అంటారు. అన్ని ఆసుపత్రుల్లోనూ ఒకే రంగు గోడలు, ఒకే ఉదయం ప్రార్థన. ప్రతి వార్డు గుమ్మం మీదా ఒక సిలువ, దాని కింద నీలం అక్షరాలతో ఒకే వాక్యం: ప్రతి రోగిలోనూ ప్రభువు ముఖాన్ని చూడండి. విద్యార్థులు పాపం చూడాలనే వచ్చేవారు. కానీ ముఖం దాకా వెళ్ళేంత తీరిక వాళ్ళకు ఉండేది కాదు, గుండె దగ్గరే ఆగిపోయేవారు.

మర్మరమ్మకు చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి మోకాళ్ళు వాచిపోతే, తల్లి ఆమెను ఎత్తుకుని ఈ ఆసుపత్రికే తెచ్చింది. జ్వరం తగ్గింది, వాపు తగ్గింది. గుండెలో ఒక కవాటం మాత్రం, తడికి ఉబ్బి బిగుసుకుపోయిన తలుపులా, సగమే తెరుచుకోవడం మొదలుపెట్టింది. అప్పటి డాక్టరు, "ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటూ ఉండమ్మా" అన్నాడు. ఆ మాటను అంత తుచ తప్పకుండా పాటించిన రోగి ఈ భూమ్మీద ఇంకొకరు ఉండరు. ఆమె ఆ ఆసుపత్రిలోనే కుట్టు నేర్చుకుంది, అక్కడే ఉద్యోగంలో చేరింది, డాక్టరు చదువు పిల్లలకు పరీక్షలొచ్చినప్పుడల్లా వెళ్ళి చూపించుకుంది. పిల్లలకు చూపించుకుంది, వాళ్ళ పంతుళ్ళకు చూపించుకుంది. పిల్లలు డాక్టర్లై, ప్రొఫెసర్లై తిరిగొస్తే వాళ్ళ శిష్యులకూ చూపించుకుంది.

పెళ్ళి కాలేదు. గుండె జబ్బు పిల్ల అనేసరికి వచ్చిన సంబంధాలు గుమ్మంలోంచే తిరిగిపోయాయి. తమ్ముడి ఇంట్లో ఒక గది, తమ్ముడి పిల్లల చిరిగిన నిక్కర్లు, మరదలి నోరు. ఇవీ ఆమె సంసారం.

మరదలు అదే ఆసుపత్రి వంటగదిలో పని. నోటికి గరిటె అడ్డం పెట్టినా ఆగదు.

"వదినా, నీ గుండె విన్నంతమంది మగాళ్ళు ఏ మహారాణి గుండెనూ విని ఉండరు. ఒక్కడికైనా అందులో పెళ్ళి బాజా వినపడలేదు చూడు, అదీ నీ జాతకం" అనేది.

"వినపడి ఉంటే నీ పిల్లలకు గుండీలు ఎవరు కుట్టేవారే?" అనేది మర్మరమ్మ.

"అందుకేగా నేను రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేది."

ఇంట్లో ఆమె మాటకు ఉన్న విలువ అంతంతమాత్రమే. పనిలోనూ అంతే. వార్డుల నుంచి చిరిగిన దుప్పట్లు వస్తే అతుకు వెయ్యాలి, గౌన్లకు తెగిన నాడాలు కుట్టాలి. ఆమె కుట్టిన కుట్టు ఎవరికీ కనపడదు, కనపడకపోవడమే మంచి కుట్టుకు గుర్తు. కానీ పరీక్షల రోజులు వచ్చాయంటే లోకం తలకిందులయ్యేది. ముందు రోజే పెద్ద సిస్టర్ స్వయంగా కుట్టుగదికి వచ్చి, "రేపు మీరు తప్పకుండా రావాలమ్మా" అనేది. పెద్ద సిస్టర్ అంటే కాలేజీ చదువంతా చూసుకునే ఆవిడ. ప్రొఫెసర్లను సైతం ఏకవచనంలో తిట్టగలిగిన మనిషి, మర్మరమ్మను మీరు అనేది.

మర్మరమ్మ తన కోసం ఒక గౌను ప్రత్యేకంగా కుట్టుకుని బీరువాలో దాచుకుంది. అందరి గౌన్లకూ ఉండీ లేనట్టుండే నాడాలు దీనికి నాలుగూ నిక్కచ్చిగా ఉండేవి. అది తొడుక్కుని మగ్గం మీద నుంచి అప్పుడే దిగినంత తెల్లటి దుప్పటి మీద కూర్చుంటే, వంటగది నుంచి టీ వచ్చేది. రోజూ తాగే స్టీలు గ్లాసులో కాదు, ప్రొఫెసర్లు తాగే పింగాణీ కప్పులో, కింద సాసరుతో. తెచ్చేది మరదలే.

"ఇదిగోండి అమ్మగారూ, తమరి టీ" అని సాగదీసేది మరదలు.

"అక్కడ పెట్టి వెళ్ళు" అనేది మర్మరమ్మ, ఏడాది పొడుగునా దాచుకున్న ఠీవి అంతా ఆ మూడు మాటల్లో పోసి.

పక్క మంచం మీద బల్లన్నయ్య కూర్చునేవాడు. ఆసుపత్రి గేటు దగ్గర కాపలా మనిషి. కడుపులో ఎడమ పక్కన ప్లీహం పెరిగి గట్టిపడితే దాన్ని బల్ల అంటారు. అతని బల్ల బొడ్డు దాకా వచ్చి ఆగింది. అతనూ ప్రతి పరీక్షకూ పిలుపు అందుకునేవాడే. ఇద్దరికీ లోలోపల కొంచెం పోటీ ఉండేది.

"చెల్లెమ్మా, ఎంతైనా నాది చెయ్యి పెడితే తగులుతుంది. నీది వినాలి, వినీ నమ్మాలి" అనేవాడు బొజ్జ నిమురుకుంటూ.

"గోడ కూడా చేతికి తగుల్తుంది అన్నయ్యా. దాన్ని చూడ్డానికి ఎవరొస్తారు?"

పరీక్ష పద్ధతి ఏమిటంటే, విద్యార్థిని ముందుగా రోగి దగ్గర కాసేపు ఒంటరిగా వదిలేస్తారు. నాడి పట్టుకుని, గుండె విని, ఏం జబ్బో ఆలోచించుకోవాలి. తర్వాత పరీక్షాధికారులు వచ్చి అడుగుతారు. ఆ కాసేపట్లో విద్యార్థి మొహం చూస్తే ఎంతటి రాతిగుండె అయినా కరుగుతుంది, మర్మరమ్మది ముందే దెబ్బతిన్న గుండె. చెమటలు కక్కుతూ స్టెత్ ఎక్కడ పెట్టాలో తెలీక వెతుక్కునే పిల్లల్ని చూసి మొదటిసారి ఆమె, "అక్కడ కాదు నాన్నా, కొంచెం కిందకి" అంది. అలా మొదలైంది. ఏళ్ళు గడిచేసరికి అది మొత్తం పాఠమైంది. చెప్పకముందే ఎడమ పక్కకు ఒత్తిగిలేది, ఎందుకంటే చప్పుడు అలా పడుకుంటేనే బాగా వినిపిస్తుంది. తర్వాత పెదాలు కదిలీ కదలకుండా చెప్పేది: "పల్స్ రెగ్యులర్ అను. మైట్రల్ స్టెనోసిస్ అను. ఉరుములా దొర్లి చివర్లో పైకి లేస్తుంది అను. మిగతాది నీ అదృష్టం."

అందులో ఒక్క ముక్క కూడా ఆమెకు అర్థం తెలీదు. ప్రొఫెసర్లు ఆమె తల మీదుగా మాట్లాడుకున్న మాటలే, చిలక పట్టినట్టు పట్టింది. కానీ ఆ మంచం దగ్గర తప్పినవాడు లేడన్న పేరు వచ్చింది. ఆమె తమకే పడాలని విద్యార్థులు పరీక్ష ముందు ప్రార్థన మందిరంలో కొవ్వొత్తులు వెలిగించేవారు. ఆ భక్తి చూసి పెద్ద సిస్టర్ మురిసిపోయేది.

ఒకసారి మర్మరమ్మకే అనుమానం వచ్చి, ఫాదర్ గారి దగ్గర, చేసిన పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనంలో మోకరించి అడిగేసింది. "పరీక్షలో పిల్లలకు జవాబు చెబితే పాపమా ఫాదర్?"

ఫాదర్ గారు చాలాసేపు ఆలోచించారు. ఆయనకు రక్తపోటు చూసే కుర్ర డాక్టరు కిందటేడే ఆ మంచం దగ్గర గట్టెక్కాడు. "అడక్కుండా చెప్పకమ్మా" అన్నారు చివరికి.

అప్పటి నుంచీ ఆమె ముందు, "అడగవేం నాన్నా?" అని, తర్వాత చెప్పేది.

ఇలా ఉండగా గుండె దారి తప్పింది.

మొదట మెట్ల దగ్గర తెలిసింది. కుట్టుగది మేడ మీద. దుప్పట్ల మూట ఎత్తుకుని ఏళ్ళ తరబడి ఎక్కిన మెట్లే, మధ్యలో ఆగి గోడ పట్టుకోవలసి వచ్చింది. తర్వాత కుట్టు మెషిన్ ముందు కూర్చున్నప్పుడు కూడా లోపల ఏదో, కట్టు తెంపుకున్న దూడలా అడ్డదిడ్డంగా గంతులేసేది. రెండు గంతులు, ఒక ఖాళీ, మళ్ళీ గబగబా నాలుగు. ఆమె ఎవరికీ చెప్పలేదు. పోయినేడు ఒక రోగి నీరసపడ్డాడని పరీక్షల నుంచి తీసేసి, ఎవడో కొత్తవాణ్ణి పిలిచారు. పింగాణీ కప్పు ఆ కొత్తవాడికి వెళ్ళింది. అది ఆమె కళ్ళతో చూసింది.

"ఏంటి వదినా, అలా రొప్పుతున్నావ్?" అంది మరదలు ఒకరోజు.

"నీ మాటలకి అడ్డం పడలేక."

"నిజం చెప్పు. డాక్టరుకి చూపించుకోకూడదూ?"

"నన్ను చూసినంతమంది డాక్టర్లు నిన్ను చూశారా ఎప్పుడైనా?"



ఆ ఏటి పరీక్షలకు బయటి కాలేజీ నుంచి కొత్త పరీక్షాధికారి వచ్చింది. సన్నటి మనిషి, తక్కువ మాటలు. మర్మరమ్మ తన గౌను తొడుక్కుంది, ఎడమ పక్కకు ఒత్తిగిలింది, ఒకరి తర్వాత ఒకరికి యథావిధిగా జవాబు ఊదింది. ఒక్క కళ్ళజోడు పిల్ల మాత్రం మణికట్టు పట్టుకుని, "పెద్దమ్మా, ఇది ఏదో తేడాగా కొడుతోంది కదా?" అంది భయంగా.

"నా గుండె నాకు తెలీదా తల్లీ? రెగ్యులర్ అను" అంది మర్మరమ్మ. విద్యార్థులందరికీ ఆమె పెద్దమ్మే. పెద్దమ్మ మాట ముందు తన చేతివేళ్ళు ఏపాటివి అనుకుని, కళ్ళజోడు పిల్ల రెగ్యులర్ అనే అంది.

బయటి డాక్టరమ్మ మొదటి విద్యార్థి చెప్పింది విని తలాడించింది. రెండోవాడు చెప్పింది విని అతని వైపు చూసింది. మూడో మనిషి కూడా "ఉరుములా దొర్లి" అనేసరికి, పేపర్లు పక్కన పెట్టి మంచం అంచున కూర్చుని, మర్మరమ్మ మణికట్టు పట్టుకుంది. వదల్లేదు. మిగిలిన వాళ్ళు వచ్చి చెప్పి వెళుతున్నంతసేపూ అలా పట్టుకునే ఉంది. అందరూ ఒకే వరసలో, ఒకే మాటలతో, ఒకే చోట ఊపిరి తీసుకుంటూ పల్స్ రెగ్యులర్ అన్నారు. ఆమె వేళ్ళ కింద నాడి మాత్రం సంతలో తప్పిపోయిన పిల్లాడిలా ఎటు పడితే అటు పరుగెత్తుతోంది.

"మీ గుండె ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అని అడిగింది.

"చిన్నప్పటి నుంచీ డాక్టరమ్మా."

"అది కాదు. ఇలా, లెక్క తప్పి."

మర్మరమ్మ పక్క మంచం వైపు చూసింది. బల్లన్నయ్య పైకప్పు వైపు చూశాడు.

"మిమ్మల్ని ఎవరు చూస్తున్నారమ్మా?"

"అందరూ చూస్తారు డాక్టరమ్మా" అంది మర్మరమ్మ గర్వంగా.

"మందులు ఎవరు రాశారు?"

ఆ ప్రశ్న ఆమెను అంతవరకూ ఎవరూ అడగలేదు. మందులు రాయడం పరీక్షలో లేదు మరి.

ఆ మధ్యాహ్నం పెద్ద సిస్టర్ గదిలో జరిగిన మాటలు, టీ పట్టుకెళ్ళిన మరదలి ద్వారా సాయంత్రానికల్లా ఆసుపత్రంతా తెలిశాయి. పెద్ద సిస్టర్, "నువ్వు చూస్తున్నావనుకున్నాను కదయ్యా!" అంది. గుండె ప్రొఫెసర్, "వార్డు వాళ్ళు చూస్తున్నారనుకున్నాను సిస్టర్" అన్నారు. వార్డు డాక్టర్ని పిలిస్తే, "ఆవిడ మా రోగి కాదండీ, కాలేజీ రోగి" అన్నాడు. అంతమంది చెవులు ఆనించిన గుండెకు వైద్యం చెయ్యాలని ఎవరికీ తట్టలేదు. అంత మంచి గుండెను పాడుచేసుకోవాలని ఎవరికుంటుంది?

ఆ కేసులో విద్యార్థులందరూ తప్పారు. మర్మరమ్మ మంచం చరిత్రలో అలాంటిది ఎన్నడూ లేదు. కొవ్వొత్తుల దగ్గర ఆ సాయంత్రం పురుగైనా వాలలేదు.

బయటి డాక్టరమ్మ రక్తం పలచబడటానికి మాత్రలు రాసి, గట్టిగా చెప్పి వెళ్ళింది. గుండె ఇలా లెక్క తప్పితే లోపల రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఏ క్షణాన్నయినా మెదడుకు ఎక్కవచ్చు. తల్లి ఆసుపత్రికి తీసుకెళ్ళి కవాటం మార్పించాలి, ఆలస్యం చెయ్యొద్దు. సంఘం ఆసుపత్రి కాబట్టి ఆపరేషన్ ధర్మానికే చేస్తారు. అడ్డుచెప్పడానికి ఇక ఒక్కరే మిగిలారు, రోగి.

"వద్దు సిస్టర్" అంది మర్మరమ్మ.

"ప్రాణం మీదికొచ్చిందమ్మా!"

"ప్రాణం ఎప్పటికైనా పోయేదే. మర్మర్ పోతే నేనేం కావాలి?"

"ప్రభువు నీకు గుండె ఇచ్చింది పరీక్షల కోసం కాదు" అంది పెద్ద సిస్టర్, మీరు అనడం మరిచిపోయి.

"మరి పరీక్షలకు పిలిచింది మీరే కదా సిస్టర్" అంది మర్మరమ్మ. ఎత్తిపొడుపు కాదు. అమాయకంగానే అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు గుండె ప్రొఫెసర్ కుట్టుగదికి వచ్చారు. ఆయన ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. దుప్పట్ల గుట్టల మధ్య ఎక్కడ నిలబడాలో తెలీక కాసేపు తడబడి, గొంతు సవరించుకున్నారు. తప్పిన పిల్లలకు కొద్ది వారాల్లో మళ్ళీ పరీక్ష పెడుతున్నారట. మాత్రలు ఎలాగూ మొదలుపెట్టారు కదా. పల్స్ ఇంత అస్తవ్యస్తంగా, మర్మర్ ఇంత నిండుగా, రెండూ కలిసిన కేసు దొరకడం అపురూపమట. "ఈ ఒక్క పరీక్ష అయ్యాక వెళితే... బలవంతం ఏం లేదు, మీ ఇష్టం" అన్నారు.

మర్మరమ్మ మొహం వెయ్యి దీపాలైంది. అపురూపం అన్న మాట ఆమె జీవితంలో ఇంకెవరూ అనలేదు. "అలాగే సార్, దానికేం" అంది.

ఆ సంగతి విని మరదలు ఇంట్లో గిన్నెలు విసిరికొట్టింది.

"ఆయనకేం, చెవులు పెట్టుకుని వింటాడు. నువ్వు కాలూ చెయ్యీ పడిపోయి మంచాన పడితే ఎత్తి పొయ్యాల్సింది నేనా, ఆ ప్రొఫెసరా? ఆయన్నొచ్చి నీకు ముద్ద పెట్టమను!"

"నీకెందుకే అంత బాధ? నేను పోతే గది కలిసొస్తుంది."

"గది ఏం చేసుకోను, నెత్తిన పెట్టుకోనా? నువ్వు పోతే నేను పోట్లాడ్డానికి ఎవరున్నారు ఈ కొంపలో? మీ తమ్ముడా? ఆయన పోట్లాటకి కూడా పనికిరాడు!" అని, ఉల్లిపాయలు లేకుండానే కళ్ళు తుడుచుకుంది.

మూలన కూర్చుని ఇదంతా వింటున్న తమ్ముడు, తాను పనికిరాడన్న మాటకు ఒప్పుకుంటున్నట్టు తలూపాడు.

అయినా మర్మరమ్మ కదల్లేదు. కదిలించింది కళ్ళజోడు పిల్ల.

ఆ పిల్ల కుట్టుగదికి వచ్చి గుమ్మంలో నిలబడింది. తిట్టడానికి వచ్చిందని చూడగానే తెలుస్తోంది. ఎలా మొదలుపెట్టాలో తెలీడం లేదని కూడా తెలుస్తోంది.

"పెద్దమ్మా, మీరు నా కొంప ముంచారు" అంది చివరికి. "నా చేతికి తగిలింది నేను చెప్పుంటే పాసయ్యేదాన్ని."

"తప్పయిపోయింది తల్లీ. ఎప్పుడూ అలాగే ఉండేది కదా అనుకున్నా."

"మీ గుండె మీరు ఎప్పుడైనా విన్నారా అసలు?"

మర్మరమ్మ తెల్లబోయింది. వినలేదు. ఊరంతా విన్నారు, ఫాదర్ గారు కూడా ఒకసారి సరదా పడి విన్నారు. ఆమె చెవికి ఆ గొట్టం ఎవరూ ఇవ్వలేదు, ఆమే అడగలేదు. పెళ్ళిలో వండినవాడు తినకుండా వెళ్ళిపోయినట్టుంది ఆమె వ్యవహారం.

కళ్ళజోడు పిల్ల మెడలోంచి స్టెత్ తీసి ఆమె చెవులకు తగిలించింది. మర్మరమ్మ పక్కన దుప్పటి గుట్ట మీద ఎడమ పక్కకు ఒత్తిగిలి, అలవాటైన చోట తానే బిళ్ళ ఆనించుకుని, కళ్ళు మూసుకుంది. కొండ వెనకాల ఉరుము కోసం చెవులు రిక్కించింది.

ఉరుము లేదు. ఏదో అరిగిపోయిన యంత్రం. బెల్టు వదులైన కుట్టు మెషిన్ తొక్కితే ఎలా ఉంటుందో అలా ఉంది. గరగరమంటుంది, ఆగుతుంది, రెండు కుట్లు వదిలేస్తుంది, ఒక్కసారిగా నాలుగు కుట్లు ఒకదాని మీద ఒకటి వేసి దారం చిక్కు పెట్టేస్తుంది. ఆ చప్పుడు ఆమె ఎరగనిది కాదు. మూలనున్న పాత మెషిన్ పోయే ముందు ఇలాగే ఏడ్చింది. దాన్ని ముట్టుకోవద్దని, ఇంకో దుప్పటి కూడా ఇవ్వద్దని, రిపేరువాడు వచ్చేదాకా గుడ్డ కప్పి ఉంచాలని సిస్టర్ మీద అరిచింది తనే.

చాలాసేపు విన్నాక లేచి కూర్చుని గొట్టం తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇదేనా?" అంది.

"ఇదే పెద్దమ్మా."

"దీన్ని పట్టుకునా ఆయన ఉరుమూ మెరుపూ అంది?" మర్మరమ్మకు నవ్వొచ్చింది, నవ్వులోంచి దగ్గొచ్చింది. "ఈ మెషిన్ నా గదికొచ్చి ఉంటే ఆ పూటే రిపేరుకి పంపేదాన్నే తల్లీ. మళ్ళీ పరీక్ష దాకా ఆగడానికి నాకేమన్నా పిచ్చా? వెళ్ళి మీ సార్‌తో చెప్పు, కుదరదన్నానని. లేకపోతే వద్దులే, నేనే చెబుతా."

చెప్పింది కూడా. ప్రొఫెసర్ గారు పెద్దమనిషి, నొచ్చుకున్నా బయటపడలేదు. ఆఖరిసారిగా ఒక్కసారి వింటానన్నారు. ఆమె విననిచ్చింది.

తల్లి ఆసుపత్రికి మరదలు తోడు వెళ్ళింది. దారి పొడుగునా, వంటగది తను లేకుండా ఏమైపోతుందోనని వాపోయింది, మర్మరమ్మ మాత్రల డబ్బాను మాత్రం రవికెలో దోపుకుని ఎవరి చేతికీ ఇవ్వలేదు. అక్కడా అదే రంగు గోడలు, గుమ్మం మీద అదే సిలువ, అవే నీలం అక్షరాలు. కానీ ఆమెను మర్మరమ్మ అన్నవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. అసలు పేరు పెట్టి పిలుస్తుంటే మొదటి రోజు పలకడమే మర్చిపోయింది. డాక్టర్లు వచ్చారు, విన్నారు, ఎవరూ ఆహా అనలేదు. మందులు రాసి పక్క మంచానికి వెళ్ళిపోయారు. ఆమెకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. ఇంత మామూలు జబ్బుతోనా తను ఇన్నేళ్ళు మిడిసిపడింది?

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేటప్పుడు భయమేసింది. మరదలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేను రాకపోతే పింగాణీ కప్పు నువ్వు తీసుకో" అంది.

"ఆ కప్పు ఆసుపత్రిది వదినా. నీదేదో ఆస్తి అయినట్టు మాట్లాడతావేం? నోరు మూసుకుని లోపలికెళ్ళు, మూసుకునే బయటికి రా" అంది మరదలు.

వచ్చింది. ఎండిన పెదాలతో, గొంతు పెగలకుండా, అక్షరాలా నోరు మూసుకునే వచ్చింది.

పాడైన తలుపు తీసేసి లోహపు తలుపొకటి పెట్టారు. ఇక జీవితాంతం రక్తం పలచబడే మాత్రలు వేసుకోవాలి, రక్తం పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. సూది గుచ్చుకుంటే నెత్తురు తొందరగా ఆగదు కాబట్టి వేలికి ఇనుప తొడుగు లేకుండా కుట్టకూడదు. ఇంటికొచ్చాక కుట్టుగది మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కింది, పైన నిలబడి కిందికి చూసి, మళ్ళీ దిగి మళ్ళీ ఎక్కింది. ఒక్కటే లోటు. ఉరుము లేదు. దాని బదులు, గదిలో మెషిన్లన్నీ ఆగినప్పుడు, ఆమె రొమ్ములోంచి చిన్నగా టిక్కు టిక్కుమని వినిపించేది, గోడ గడియారం మింగిన మనిషిలా.

ఈలోగా ఆసుపత్రిలో పెద్ద సిస్టర్ కొత్త ఆజ్ఞ జారీ చేసింది. పరీక్షలకు పిలిచే రోగులందరికీ ముందు వైద్యం జరుగుతోందా లేదా చూడాలి. చూశారు. బల్లన్నయ్య రక్తంలో ఎప్పటిదో మలేరియా జ్వరం పురుగు దాక్కుని ఉందని తేలింది. మాత్రలిచ్చారు. అతని బల్ల రోజురోజుకీ కరిగి పక్కటెముకల కిందికి వెళ్ళి దాక్కుంది. అతను గేటు దగ్గర వదులైపోయిన ప్యాంటు పైకి లాక్కుంటూ, మర్మరమ్మ కనపడినప్పుడల్లా ఒకటే మాట అనేవాడు.

"అంతా నీ మూలానే చెల్లెమ్మా! హాయిగా ఉన్నవాణ్ణి. బాగుచేసి పారేశారు."

గుండె ప్రొఫెసర్ కూడా స్టాఫ్ రూములో తల పట్టుకున్నారట. "ఇలా అందర్నీ బాగుచేసుకుంటూ పోతే పరీక్షలు ఎవరి మీద పెట్టాలి సిస్టర్?"

"అందుకేనయ్యా ఆసుపత్రి పెట్టింది" అందిట పెద్ద సిస్టర్.

మరుసటి ఏటి పరీక్షల ముందు రోజు మర్మరమ్మ కుట్టుగదిలో తలుపు వైపు వీపు పెట్టి కూర్చుంది. ఎవరూ రారని తెలిసినప్పుడు తలుపు వైపు చూడకుండా ఉండటమే మర్యాద. కానీ ప్రొఫెసర్ గారే వచ్చారు. దుప్పట్ల మధ్య నిలబడి మాట్లాడబోయి ఆగిపోయారు. మెషిన్లు ఆగి ఉన్నాయి. గది నిశ్శబ్దంగా ఉంది. టిక్కు, టిక్కు. ఆయన మొహంలోకి పాత వెలుగు పాకింది.

"బయటికే వినిపిస్తోందే!" అన్నారు. "మన ఆసుపత్రిలో ఇలాంటిది ఇంకొకటి లేదు. రేపు మీరు తప్పకుండా రావాలి."

ఈసారి పెద్ద సిస్టర్ రెండు షరతులు పెట్టింది. మొదట డాక్టరు చూసి బాగుందన్న తర్వాతే విద్యార్థులు చూడాలి. రెండోది, మర్మరమ్మ నోరు విప్పకూడదు. అడిగినా సరే. ఫాదర్ గారితో కూడా ఆ మాట అనిపించింది.

నాలుగు నాడాల గౌను మళ్ళీ బీరువాలోంచి వచ్చింది. పింగాణీ కప్పూ వచ్చింది.

"ఇదిగోండి గడియారం గారూ, టీ" అంది మరదలు. "మాత్ర వేసుకున్నావా?"

"అక్కడ పెట్టి వెళ్ళు. వేసుకున్నా."

మొదట వచ్చినవాడు పొడుగాటి కుర్రాడు, చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. అటూ ఇటూ చూసి, మణికట్టు పట్టుకుంటూనే గొంతు తగ్గించి, "పెద్దమ్మా, ఒక్క ముక్క. పల్స్ రెగ్యులరేనా?" అన్నాడు.

నాలుక చివరి దాకా వచ్చింది మాట. ఇన్నేళ్ళ అలవాటు, ఊరుకుంటుందా? గుమ్మంలో పెద్ద సిస్టర్ అంగీ తెల్లటి అంచు కనపడుతోంది. మర్మరమ్మ పెదాలు బిగించింది. కుర్రాడు కాసేపు నాడి పట్టుకున్నాడు, గొట్టం పెట్టి విన్నాడు, లోపలి టిక్కు టిక్కుకు అదిరిపడి గొట్టం తీసేశాడు. ఇంక దారి లేక తలెత్తి, అక్కడైనా ఏమైనా రాసి ఉంటుందేమోనని ఆమె ముఖంలోకి చూడ్డం మొదలుపెట్టాడు. కనుబొమలు చూశాడు, పెదాలు చూశాడు, కళ్ళల్లోకి చూశాడు. రెప్ప వెయ్యలేదు. గుమ్మం మీద నీలం అక్షరాలు చెప్పిన పని ఆ వార్డులో జరగడం మర్మరమ్మ ఎరిగి అదే మొదలు.

ఆమె మాత్రం, కాపీ కొట్టనివ్వకూడదు కదా అని, ముఖం గోడ వైపు తిప్పుకుని ఎడమ పక్కకు ఒత్తిగిలింది.